'లింగ్ టింగ్ టాంగ్'లో చైనా ఎంత?

పాత రాక్ అండ్ రోల్ పాటల సంకలనంలో ఫైవ్ కీస్ బృందం పాడిన 'లింగ్ టింగ్ టాంగ్' విన్నానని, అందులో హాంకాంగ్ పేరు, చైనా భాషలా వినిపించే ఏవో మాటలు ఉన్నాయని మీరు రాశారు. తరువాత మూడు సందేహాలు అడిగారు. రాక్ అండ్ రోల్ మీద చైనా సంగీతం ప్రభావం ఉందా? ఆ మాటలకు అర్థం ఉందా? వివక్షను స్వయంగా అనుభవించిన నల్లజాతి గాయకులు ఇంకో జాతిని ఇలా ఆటపట్టించడం ఏమిటి?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు చిన్నది. అర్థం లేదు. ఏ చైనా భాషలోనూ లేదు. 1954లో ఆ పాట వచ్చేనాటికి వీధి మూలల్లో నిలబడి పాడే డూ-వాప్ బృందాలకు అర్థంలేని అక్షరాలే సగం ఆస్తి. వాయిద్యాలు కొనే స్తోమత లేని కుర్రాళ్లు డప్పు, బేస్, శాక్సఫోన్ చేసే పనులన్నీ నోటితోనే చేసేవారు. అదే ఏడాది కార్డ్స్ బృందం 'ష్-బూమ్' అని పాడితే దేశమంతా పాడింది, ఆ మాటకు అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు. లింగ్, టింగ్, టాంగ్ కూడా ఆ కోవలోవే. పాట రాసిన మేబుల్ గాడ్విన్ ఆ అక్షరాలకు చైనాటౌన్ అనే చొక్కా తొడిగింది, అంతే. బాగా అమ్ముడుపోయింది కూడా. ఓటిస్ విలియమ్స్ నాయకత్వంలోని చార్మ్స్ బృందం వెంటనే తమ రూపం విడుదల చేసింది. 1961లో టెక్సస్‌కు చెందిన తెల్లజాతి గాయకుడు బడీ నాక్స్ మళ్లీ పాడాడు. ఇక్కడొక యాదృచ్ఛికం చెప్పకుండా ఉండలేను. క్యాపిటల్ కంపెనీకి మారకముందు ఫైవ్ కీస్ పాడింది అల్లాద్దీన్ రికార్డ్స్ అనే కంపెనీకి. ఆ పేరు మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక మొదటి ప్రశ్న. నేను చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని, తరువాత పాతికేళ్లు ఆర్కెస్ట్రాలలో గిటార్ వాయించినవాణ్ని. కనుక దీనికి స్వరాలతోనే జవాబు చెబుతాను. కీబోర్డు దగ్గరుంటే ముందు పెట్టుకోండి.

'చైనా' అనగానే సినిమాలు, కార్టూన్లు, ప్రకటనలు వాడే ఒక చిన్న పలుకు ఉంది. తొమ్మిది స్వరాలు. మన లెక్కలో ద ద ద ద, ప ప, గ గ, ప. వాయించి చూడండి, వెంటనే గుర్తుపడతారు. 1974లో కార్ల్ డగ్లస్ పాడిన 'కుంగ్ ఫూ ఫైటింగ్'లో వినిపించేది ఇదే. మా ఆర్కెస్ట్రాలో మిమిక్రీ కళాకారుడు కళ్లు చికిలించి చైనావాడిగా వేదిక ఎక్కినప్పుడల్లా నేనూ ఇదే వాయించేవాణ్ని. జనం నవ్వేవారు. ఇది నాకు ఎవరు నేర్పారని తరువాత ఆలోచిస్తే గుర్తురాలేదు. ఎవరూ నేర్పలేదు. గాలిలో ఉంది, నా వేళ్లకు అంటుకుంది.

దీని పుట్టుక చైనాలో లేదు. ఒక స్వీడన్ దేశస్థుడు ఓపికగా పాత స్వరపత్రాలు తిరగేసి, దీనికి దగ్గరి రూపాన్ని 1847లో అమెరికాలో అచ్చయిన ఒక నాటక సంగీతంలో పట్టుకున్నాడు. ఆ నాటకం అల్లాద్దీన్ అద్భుత దీపం. అరేబియా కథకు చైనా రాగం ఏమిటి అనుకోకండి. ఫ్రెంచి అనువాదంలో మొదట అచ్చయిన కథలో అల్లాద్దీన్ చైనాలోనే ఉంటాడు. అప్పటి అమెరికా రంగస్థలానికి తూర్పు దేశాలన్నీ ఒకే తెర మీద గీసిన ఒకే బొమ్మ.

ఇప్పుడు ఈ స్వరాలను కాస్త శ్రద్ధగా చూడండి. స రి గ ప ద. మన మోహనం. చైనా సంగీత శాస్త్రంలో ఐదు స్వరాల్లో ఒక్కొక్కదాన్నీ మొదటి స్వరంగా పెట్టి ఐదు మేళవింపులు చెబుతారు: గుంగ్, షాంగ్, జ్యూయె, జి, యూ. మన గ్రహభేదంతో, అంటే అవే స్వరాల్లో ఆధారస్వరం మార్చి వేరే రాగం పుట్టించడంతో, పోల్చితే అవి వరుసగా మోహనం, మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి. స్వరస్థానాల వరకు చూస్తే ఒక్క వెంట్రుక తేడా లేదు. మరి మోహనంలో కీర్తన విన్నప్పుడు చైనా ఎందుకు గుర్తురాదు? గమకం వల్ల, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు వల్ల, నడక వల్ల. స్వరాలు ఒకటే అయినా వాటిని పలికించే తీరు వేరు.

ఇక్కడే అసలు తమాషా ఉంది. అమెరికా నల్లజాతివారి పాత సంగీతం బ్లూస్. ఆ బ్లూస్ గిటార్ వాద్యకారుడు ప్రాణంగా చూసుకునే స్వరవరుస స గ మ ప ని. సాధారణ గాంధారం, కైశికి నిషాదం, అంటే ఆ రెండు స్వరాల కింది రూపాలు. అంటే శుద్ధ ధన్యాసి. అంటే చైనావారి యూ. రాక్ అండ్ రోల్ పుట్టిందే ఆ ఐదు స్వరాల మీద. కనుక 'చైనా పాట' చేయాలనుకున్న రాక్ అండ్ రోల్ బృందానికి స్వరాలు మార్చే అవసరమే లేదు. అవి వారి చేతుల్లోనే ఉన్నాయి. అయినా ఆ స్వరాలు చైనాగా వినిపించవు. గాంధారాన్ని సాధారణానికీ, దాని పై రూపమైన అంతరానికీ మధ్య సాగదీస్తారు, లయను ఊపుతో కుంటిస్తారు. కనుక చైనా అనిపించాలంటే వీరు చేయవలసింది తమ సంగీతంలోని ప్రాణాన్ని తీసివేయడం. స్వరాన్ని సాగదీయకుండా సూటిగా కొట్టాలి. ఊపు ఆపి, చెక్కదిమ్మె మీద టక్ టక్‌మన్నట్టు సమంగా నడపాలి. పైన ఒక పెద్ద కంచు పళ్లెం మోగించాలి. చైనా వచ్చేసింది!

ఇంకో దినుసు ఉంది. ఆ తొమ్మిది స్వరాల పలుకును ఒంటి స్వరంతో కాక, నాలుగు స్వరాల దూరంలో ఇంకో స్వరాన్ని జోడించి, రెంటినీ సమాంతరంగా నడిపిస్తారు. ధైవతంతో గాంధారం, పంచమంతో రిషభం, ఇలా. ఇది పూర్తిగా కల్పన కాదు. చైనావారి షెంగ్ అనే నోటితో ఊదే వెదురు వాయిద్యంలో నాలుగో, ఐదో స్వరాల జోడింపులు సహజంగా ఉంటాయి. ఎక్కడో ఎవరో నిజం షెంగ్ విని ఉండవచ్చు. కాని ఇప్పుడు గిటార్ అందుకుని 1958లో చక్ బెర్రీ వాయించిన 'జానీ బి. గుడ్' ఆరంభం గుర్తుచేసుకోండి. రాక్ అండ్ రోల్ మొత్తానికి సంతకం లాంటి ఆ పలుకులో ఆయన పై రెండు తీగల మీద ఒకే వేలు అడ్డంగా వేస్తాడు. ఆ రెండు తీగల మధ్య శ్రుతి దూరం సరిగ్గా నాలుగో స్వరం. కింద పంచమం, పైన తారషడ్జం, రెండూ ఒకేసారి. అంటే 'చైనా గుర్తు' అని రంగస్థలం వాడుకున్న ఆ జోడింపు రాక్ అండ్ రోల్ గిటార్ నడివీధిలో నిలబడి ఉంది. ఒక్కరికీ చైనా వినిపించదు. నేను ఇరవై ఏళ్లు రెంటినీ వాయించి కూడా ఈ పోలిక గమనించలేదు. ఒక రోజు పిల్లలకు పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి, 'మాస్టారూ, ఇదీ అదీ ఒకే వేలు కదా' అన్నది.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: 'లింగ్ టింగ్ టాంగ్' వంటి పాటల్లో చైనా సంగీతం ప్రభావం లేదు. వాటిలో ఉన్నది చైనా వేషం. ఆ వేషం రాక్ అండ్ రోల్ కుట్టించుకున్నది కాదు, పాత నాటక సమాజం పెట్టెలో దొరికినది.

ఆ పెట్టె కథ కొంత చెప్పాలి. 1882లో అమెరికా ఒక చట్టం చేసి చైనా కూలీల రాకను నిషేధించింది. ఒక జాతి పేరు పెట్టి తలుపు మూయడం ఆ దేశంలో అదే మొదలు. 1943లో, యుద్ధంలో చైనా మిత్రదేశం కావడం వల్ల, ఆ చట్టం రద్దయింది. రద్దయి ఎంతమందికి అవకాశం వచ్చింది? ఏడాదికి 105 మందికి! అంటే రాక్ అండ్ రోల్ పుట్టేనాటికి సగటు అమెరికన్ యువకుడికి చైనా మనిషి పరిచయం దాదాపు శూన్యం. బట్టలుతికే దుకాణం, హోటల్, సినిమా, ఇవే ఆధారాలు. మనుషులు రాకుండా గేటు మూసినా పాటల దుకాణం మాత్రం తెరిచే ఉంది. 1910లో 'చైనాటౌన్, మై చైనాటౌన్' వచ్చింది. విలియమ్ జెరోమ్ మాటలు, జీన్ ష్వార్ట్జ్ బాణీ. దాన్ని జాజ్ వాళ్లు ఎంత ఇష్టంగా తీసుకున్నారంటే, 1930ల నాటికి చైనా సంగతి పక్కకుపోయి వేగంగా వాయించి సత్తా చూపించుకునే పాటగా మారింది. 1931లో క్యాబ్ క్యాలొవే పాడిన 'మిన్నీ ద మూచర్'లో మిన్నీని చైనాటౌన్‌కు తీసుకుపోయి గంట తన్నడం నేర్పుతారు. గంట తన్నడం అంటే న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్ ఆనాటి మాటల్లో నల్లమందు పీల్చడం. 1948లో ఫ్రాంక్ లెసర్ రాసిన 'ఆన్ ఎ స్లో బోట్ టు చైనా'లో చైనా అసలు లేదు, దూరం మాత్రమే ఉంది. ఓడిపోతూ ఉండే ఆటగాడిని చైనాకు పోయే నిదానపు ఓడలో కూర్చోబెట్టుకుంటే తీరిగ్గా డబ్బు లాగవచ్చు అని పేకాటరాయుళ్లు అనుకునే మాట అది. లెసర్ దాన్ని ప్రేమపాటగా మార్చాడు. 1960లో బ్రిటన్‌లో ఎమిల్ ఫోర్డ్ బృందం దాన్ని రాక్ అండ్ రోల్ చేసింది.

ఇక్కడ మీ మూడో ప్రశ్న వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయను. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా వేదిక మీద ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించిన నటులే, అదే రాత్రి, అదే వేదిక మీద జడ కట్టుకుని చైనావారిని వెక్కిరించేవారు. తరువాతి తరాల్లో నల్లజాతి కళాకారులకు ఆ వేదికలోకి ప్రవేశం దొరికినప్పుడు, హాస్యమంటే ఏమిటో ఆ వేదికే నిర్ణయించి ఉంచింది. ఫైవ్ కీస్ చేసినది ఆ వారసత్వంలో తేలికపాటి రకం. వినడానికి సరదాగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఆ బేస్ గొంతు ఇష్టమే. స్క్రీమిన్ జే హాకిన్స్ 1958 ఆల్బంలో 'హాంకాంగ్' అనే పాట మాత్రం నేను రెండోసారి పెట్టుకోలేను. చైనా మాటలను అనుకరిస్తున్నట్టు కూతలు కూస్తాడు, అది ఎంతకీ ఆగదు. అయితే ఆయన తనను తాను వదిలిపెట్టిన మనిషి కాదు. శవపేటికలోంచి లేచి, చేతిలో పుర్రె పట్టుకుని, ఆఫ్రికా మంత్రగాడి వేషం వేసి పాడేవాడు. ఎవరిని వెక్కిరించినా అదే కొలత. దాన్ని సమర్థనగా చెప్పడం లేదు, ఆ రికార్డు ఒక్కటే విని ఆయన మీద తీర్పు చెప్పకండి అంటున్నాను.

వీటికి పూర్తి భిన్నమైనది ఒకటి ఉంది. 1957లో కోస్టర్స్ పాడిన 'సెర్చిన్'. లీబర్, స్టోలర్ అనే ఇద్దరు యూదు యువకులు రాశారు. పారిపోయిన ప్రియురాలిని వెతికే కథానాయకుడు తాను పేరుమోసిన డిటెక్టివులందరినీ మించినవాడినని గొప్పలు చెప్పుకుంటాడు. షెర్లాక్ హోమ్స్ సరసన చార్లీ చాన్ అనే కల్పిత చైనా డిటెక్టివు పేరు కూడా చెబుతాడు. వెక్కిరింత లేదు, యాస అనుకరణ లేదు. తెలివైనవాళ్ల జాబితాలో ఒక చైనా పేరు, అంతే. ఆ కాలపు పాటల్లో చైనా మనిషికి దక్కిన మర్యాద ఇంతకన్నా నాకు కనిపించలేదు. అందులోనూ ఒక మెలిక ఉంది. హొనొలులూలోని చాంగ్ అపానా అనే నిజమైన పోలీసు డిటెక్టివు ఆ పాత్రకు ప్రేరణ అంటారు. కాని 1930లలో తెర మీద చార్లీ చాన్‌ను ప్రసిద్ధం చేసిన నటుడు వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. కోస్టర్స్ పొగిడినది ఒక చైనా డిటెక్టివును అనుకుంటే, వారి కళ్ల ముందున్నది చైనా వేషంలోని స్వీడన్ మనిషి.

నిజమైన చైనావారు మాత్రం రాక్ అండ్ రోల్ పుట్టింటికి పక్క వీధిలోనే ఉన్నారు. బ్లూస్‌కు పుట్టిల్లు అనే మిసిసిపీ డెల్టాలో పత్తి కూలీలకు ఉప్పు, పప్పు అమ్మిన కిరాణా దుకాణాల్లో చాలా వరకు చైనా కుటుంబాలవే. రోజ్‌డేల్‌లో అలాంటి ఒక దుకాణదారు గాంగ్ లమ్. తన కూతురు మార్తాను తెల్లపిల్లల బడి నుంచి పంపేస్తే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1927లో ఓడిపోయాడు. చైనా పిల్ల తెల్లపిల్ల కాదు కనుక నల్లపిల్లల బడికే పోవాలన్నారు. అంటే చట్టం దృష్టిలో వీరూ వారూ ఒకే గీతకు ఇవతల ఉన్నారు. వారానికి రెండుసార్లు ఆ దుకాణంలో అప్పు రాయించుకున్న జనం నుంచే బ్లూస్ వచ్చింది. నేను విన్న రాక్ అండ్ రోల్ చైనా పాటల్లో ఆ కిరాణా దుకాణం ఒక్కసారి కూడా రాలేదు. హాంకాంగ్ వచ్చింది, గంట వచ్చింది, కోడిగుడ్డు అట్టు వచ్చింది. ఎదురుగా బల్ల వెనక నిలబడిన మనిషి రాలేదు.

జపానుకూ చైనాకూ తేడా లేకుండా కలిపేయడం గురించి కూడా ఒక మాట. 1957లో సెల్లోస్ బృందం 'రాంగ్ టాంగ్ డింగ్ డాంగ్' అనే పాటలో తాను జపాన్ నిద్రదేవుడినని గొంతు బొంగురు చేసుకుని చెప్పుకుంటుంది. ఆ దేవుడు 1920 నాటి పాటలోంచి వచ్చాడు. బిల్ హేలీ 1958లో ప్రపంచమంతా చుట్టినట్టు చేసిన ఆల్బంలో ఒక పాట పేరే 'ఓరియంటల్ రాక్', ఇక ఏ దేశమో మీరే ఊహించుకోవాలి. వీటిలో అన్నిటికన్నా వింతది 1957లో వాండా జాక్సన్ పాడిన 'ఫుజియామా మామా'. పన్నెండేళ్ల కిందట అణుబాంబు పడిన నాగసాకి, హిరోషిమా పేర్లు చెప్పి, తానూ అలాగే పేలుతానని ఒక అమ్మాయి అరుస్తుంది. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. జపాన్‌లో అది పెద్ద హిట్టు! 1959లో ఆమె అక్కడికి వెళ్లి పర్యటించింది కూడా. ఎందుకు హిట్టయిందో నాకు తోచిన కారణం ఒక్కటే. ఆ గొంతు. మాటలు పట్టించుకునే తీరిక ఇవ్వని గొంతు అది.

ఇక మీరు అడగనిది చెబుతాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నిజమైన చైనా పాట ఒకటి రాక్ అండ్ రోల్‌కు కాస్త ముందు అమెరికా హిట్ల జాబితాలో మూడో స్థానం దాకా వెళ్లింది. 1940లో షాంఘైలో చెన్ గెషిన్ స్వరపరచి, యావ్ లీ పాడిన పాట. గులాబీ, గులాబీ, నిన్ను ప్రేమిస్తున్నాను అని అర్థం. బ్రిటిష్ రేడియో వ్యాఖ్యాత విల్ఫ్రిడ్ థామస్ దానికి ఇంగ్లీషు మాటలు కట్టాడు, 1951లో ఫ్రాంకీ లేన్ 'రోజ్, రోజ్, ఐ లవ్ యూ' పేరుతో పాడాడు. యావ్ లీ పాటలో గులాబీ గాలివానకు తట్టుకుని నిలిచే పువ్వు. లేన్ పాటలో ఆమె మలయా అమ్మాయి, ఓడ ఎక్కి వెళ్లిపోతున్న విదేశీయుడు ఆమెకు వీడ్కోలు చెబుతాడు. షాంఘై పువ్వు సముద్రం దాటేలోపు మలయా పువ్వయింది.

మూలం వింటే మీరు ఆశ్చర్యపోతారు. మీ చెవి ఎదురుచూసే ఆ 'చైనాతనం' అందులో చాలా తక్కువ. కులాసాగా ఊగే జాజ్ పాట అది. దానికి కారణం ఉంది. 1930లలో షాంఘై నాట్యశాలల్లో రష్యా, ఫిలిప్పీన్స్, అమెరికా వాద్యకారులు పనిచేసేవారు. 1934లో బక్ క్లేటన్ అనే నల్లజాతి ట్రంపెట్ వాద్యకారుడు తన బృందంతో కానిడ్రోమ్ నాట్యశాలకు వచ్చాడు. అక్కడి కొలువు పోయాక చిన్న చోట వాయించవలసి వచ్చి, బతుకుతెరువు కోసం చైనా పాటలు నేర్చుకుని వాయించానని తరువాత ఆయనే రాసుకున్నాడు. అమెరికాకు తిరిగివెళ్లి కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరాడు. బేసీ బృందం ఊపు నుంచి జంప్ బ్లూస్ అనే హుషారైన బ్లూస్, దాని నుంచి రాక్ అండ్ రోల్. కనుక రాక్ అండ్ రోల్ వంశవృక్షంలో చైనా పాటలను చైనావారి మధ్య కూర్చుని నేర్చుకున్న మనిషి ఉన్నాడు. పేరుకు మాత్రం ఏ చైనా వేషపు పాటలోనూ లేడు.

చెన్ గెషిన్ కథ విషాదం. కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక ఆయన మీద 'రైటిస్టు' (కమ్యూనిజానికి వ్యతిరేకి) అనే ముద్ర వేసి అన్‌హుయ్‌లోని శ్రమ శిబిరానికి పంపారు. 1961లో అక్కడే చనిపోయాడు. ఆయన కొడుకు చెన్ గాంగ్ 1959లో సహ స్వరకర్తగా రాసిన 'సీతాకోకచిలుక ప్రేమికులు' అనే వయొలిన్ కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వయొలిన్ వాయించే కృతి) ఇవాళ ప్రపంచమంతా వాయిస్తారు. వయొలిన్ నేర్చుకునేవారు ఎవరైనా ఉంటే తప్పక వినిపించండి.

యావ్ లీ, ఆమె అన్న యావ్ మిన్ హాంకాంగ్ చేరుకున్నారు. ఆ అన్న 1957లో 'మాంబో గర్ల్' అనే హాంకాంగ్ సినిమాకు పాటలు కట్టాడు, అందులో ఆడి పాడింది గ్రేస్ చాంగ్. అమెరికాలో చైనా వేషాలు వేసి పాడుతున్న అవే సంవత్సరాల్లో హాంకాంగ్‌లో ఒక అమ్మాయి గళ్ల ప్యాంటు వేసుకుని మాంబో, చా చా, రాక్ అండ్ రోల్ అన్నీ చైనా భాషలో పాడుతోంది. వేషం వేయలేదు, వెక్కిరించలేదు, నేర్చుకుంది. లూయిస్ జోర్డన్ పాడిన ఒక జంప్ బ్లూస్ పాటను ఆమె చైనా భాషలో పాడింది, 'వో యావ్ నీ ది ఐ' పేరుతో. నీ ప్రేమ నాకు కావాలి అని అర్థం. 2018లో వచ్చిన 'క్రేజీ రిచ్ ఏషియన్స్' సినిమా చూసి ఉంటే అందులో విన్నారు. 1959లో ఆమె అమెరికా టీవీలో డైనా షోర్ కార్యక్రమంలో కూడా కనిపించింది.

ఎల్విస్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కనుక: 1962 నాటి 'గర్ల్స్! గర్ల్స్! గర్ల్స్!' సినిమాలో ఆయన ఇద్దరు చైనా అమ్మాయిలతో, టియూ అక్కచెల్లెళ్లతో, 'ఎర్త్ బాయ్' అనే చిన్న పాట పాడతాడు. చైనా మాటలు నిజమైనవే. పాట మాత్రం పంచదార పాకం. మరుసటి ఏడాది ఇంకో సినిమాలో వారి చెల్లెలు వికీ ఆయనతో నటించింది. పెద్దయ్యాక ఆమె హవాయి గవర్నరు భార్య అయింది.

జమైకా సంగతి వేరే, అక్కడ చైనా మనుషులు పాటలో వేషంగా కాక స్టూడియో యజమానులుగా ఉన్నారు. బాబ్ మార్లే మొదటి రికార్డు 1962లో చేసింది లెస్లీ కాంగ్. ఆయన దగ్గర పాడినందుకు డెరిక్ మోర్గన్ అనే గాయకుణ్ని తిడుతూ ఇంకో గాయకుడు ప్రిన్స్ బస్టర్ ఒక పాటే కట్టాడు. అది వేరే ప్రశ్నగా అడగండి, వేరే జవాబు రాస్తాను.

మన దగ్గర కూడా ఈ గాలి వీచింది. 1958లో వచ్చిన హిందీ సినిమా 'హౌరా బ్రిడ్జ్'లో హెలెన్ చైనా దుస్తుల్లో ఆడిన 'మేరా నామ్ చిన్ చిన్ చూ'. ఓ.పి. నయ్యర్ బాణీ, గీతా దత్ గొంతు. 'లింగ్ టింగ్ టాంగ్' విన్న చెవితోనే దాన్ని విని చూడండి. పేరు చైనాది, ఊపు అమెరికాది, గొంతులోని అల్లరి మాత్రం పూర్తిగా గీతా దత్‌ది. నేను దాన్ని వందసార్లు వాయించి ఉంటాను, ఆ మిమిక్రీ పలుకు కన్నా ఇది వాయించడమే నాకు ఇష్టం.

వినే క్రమం ఇలా పెట్టుకోండి. ముందు యావ్ లీ 1940 రికార్డు, వెంటనే ఫ్రాంకీ లేన్. తరువాత ఫైవ్ కీస్, చార్మ్స్, పక్కపక్కన. తరువాత 'సెర్చిన్'. ఆ పైన గ్రేస్ చాంగ్ పాటను లూయిస్ జోర్డన్ మూలంతో కలిపి. చివరగా 'జానీ బి. గుడ్' మొదటి పది సెకన్లు మాత్రం వేసి, ఆపి, కీబోర్డు మీద ద ద ద ద, ప ప, గ గ, ప అని కింది జోడీతో సహా వాయించండి. ఒక జాగ్రత్త: చౌక సంకలనాల్లో చార్మ్స్ రూపం మీద ఫైవ్ కీస్ పేరు వేసి అమ్ముతున్నారు, నేనే ఒకసారి మోసపోయాను. మీరు విన్నది ఏదో తేల్చుకోవాలంటే రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టి ప్రధాన గొంతును పోల్చండి, రెండు చరణాల్లో తెలిసిపోతుంది.